వాన వెనుదిరిగాక మిద్దె మీది పనులు: కోత, జాడీ, విత్తనం, రంగు

హైదరాబాదు నుంచి నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యకల్లా వెనుదిరుగుతాయి. అంతకు ముందు వారం దాకా, ఉదయం ఆరేసిన తువాలు సాయంత్రానికి కూడా చేతికి చల్లగా తగిలే మిద్దె మీద, ఆ తరువాత అదే తువాలు మధ్యాహ్నానికే బిరుసెక్కుతుంది. నిల్వ పనులు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి నేను తేదీని చూడను, ఆ తువాలునే చూస్తాను. కాయనైనా ఆకునైనా నిల్వ పెట్టడమంటే దానిలోని తడిని ఎండకు ఇచ్చివేయడం, లేదా ఆ తడి సూక్ష్మజీవులకు అందకుండా ఉప్పుతోనో చక్కెరతోనో కట్టివేయడం. పులుపు, నూనె ఆ పనికి తోడు నిలుస్తాయి. అందువల్ల ఆశ్వయుజం చివరి నుంచి మార్గశిరం దాకా మిద్దె తోటలో చేయదగిన పనులను, పుంటికూర తొక్కు మొదలుకొని బంతిపూల రంగు వరకు, తడి ఆరే వరుసలోనే చెప్పుకుంటూ వస్తాను.

ఈ వరుసకు అడ్డుపడేవి రెండు ఉన్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేది కూడా ఈ నెలల్లోనే. 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచెత్తిన వాన అలాంటి వాయుగుండం తెచ్చినదే. కనుక వడియాలు, ఒరుగులు పెట్టదలచినప్పుడు రాబోయే నాలుగు రోజుల వాతావరణ సూచన చూసుకొని, నాలుగు రోజులూ పొడిగా ఉంటాయనిపిస్తేనే పప్పు నానబోయాలి. రెండవది దీపావళి. ఆ రెండు మూడు రాత్రులు మిద్దె మీద టపాసుల పొగ, కాలిన కాగితం ముక్కలు, మందు వాసన చేరతాయి. ఆరుతున్న సరుకు ఏదైనా సరే, సాయంత్రం కాకముందే ఇంట్లోకి దించుకోవాలి.

ఏది ముందు కోయాలి

పుంటికూరతో మొదలుపెట్టాలి. కోస్తావారు గోంగూర అనే ఈ మొక్క పగటి పొద్దు కురచబడుతున్న కొద్దీ పూతకు వచ్చే జాతి. దసరా నాటికి చిగుళ్ల దగ్గర మొగ్గలు కనిపించాయంటే ఆ పైన వచ్చే ఆకు చిన్నదై, గరుకెక్కి, పీచు పడుతుంది. ఎరువు వేసినా, నీళ్లు పోసినా అది మళ్లీ లేతబడదు, ఎందుకంటే మొక్క తన బలమంతా పువ్వుకు, కాయకు మళ్లించుకుంటుంది. అందుకే మొగ్గ తొడిగిన వారంలోపే ఆకంతా దూసుకోవాలి. ఎర్ర కాడ రకానికి పులుపు ఎక్కువ కనుక తొక్కుకు అది తగినది. తెల్ల కాడ రకం పప్పులోకి, మాంసంలోకి బాగుంటుంది గాని నిల్వకు అంత నమ్మకమైనది కాదు. బాగా ఎదిగిన మొక్క ఒక్కదానిని మాత్రం ముట్టకుండా విత్తనానికి వదిలివేయాలి.

ఆకు కోసే ముందు రోజు సాయంత్రం మొక్క మొదట్లోనే నీళ్లు పోయాలి, ఆకు మీద చల్లకూడదు. ఉదయం మంచు ఆరిన తరువాత, ఎండ చురుక్కుమనక ముందు, అంటే దాదాపు తొమ్మిది గంటలకు కోయడం మంచిది. మంచు తడితో కోసిన ఆకును గుడ్డ మీద ఎంతసేపు ఆరబెట్టినా మడతల్లో చెమ్మ మిగిలిపోతుంది.

మిరప మొక్కల మీద ఎర్రబడిన కాయలను తొడిమతో సహా కోయాలి. తొడిమ ఊడిన చోటి నుంచే నీరు కాయ లోపలికి దిగుతుంది, బూజు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కనుక కడిగి, తుడిచి, ఆరబెట్టిన తరువాతే తొడిమ తీయాలి. నాలుగైదు మొక్కలున్నవారికి ఒక్క కోతలో జాడీకి సరిపడా కాయ రాదు. అటువంటివారు ఎర్ర కాయలను విడిగా పచ్చడి పెట్టుకోవాలని చూడకుండా, కింద చెప్పబోయే చింతకాయ తొక్కులోకి దాచుకోవడం తెలివైన పని.

ఆనపకాయను గోరు గుచ్చితే దిగేంత లేతగా ఉన్నప్పుడే కూరకు కోయాలి. కోసిన వెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడటం తప్పనిసరి అలవాటు చేసుకోవాలి. చేదుగా ఉన్న ఆనపకాయలో, అలాగే చేదెక్కిన బీర, దోస, కీర కాయల్లో, ఉడికించినా పోని విష పదార్థం ఉంటుంది. దానిని రుచి మార్చి వండుకోవాలని చూడకుండా ఉమ్మివేసి, కాయను పారవేయాలి.

బూడిద గుమ్మడికాయకు తొందర లేదు. పైన బూడిద దట్టంగా పట్టి, తొడిమ ఎండడం మొదలైనప్పుడు, రెండు అంగుళాల కాడతో కోసి, ఆ బూడిదను కడగకుండా, తుడవకుండా, గాలి ఆడే చోట చెక్క మీద పెడితే రెండు మూడు నెలలు చెక్కుచెదరదు. ఆ బూడిద నిజానికి కాయ తనకు తాను పూసుకొన్న మైనం. లోపలి తడిని లోపల, బయటి తడిని బయట ఆపుతుంది. ప్రకృతి స్వయంగా నిల్వ పెట్టి ఇచ్చిన కాయను మనం అక్టోబరులోనే కోసి కష్టపడటం ఎందుకు? వడియాల పనిని నవంబరు చివరికి జరుపుకోవచ్చు.

చిక్కుడు, వంకాయ, పాలకూర, కొత్తిమీర వంటివాటిని నిల్వ పెట్టాలని నేను ఎవరికీ చెప్పను. చిక్కుడు ఇప్పుడిప్పుడే పూతకు వచ్చి చలికాలమంతా కాస్తుంది. కాసినన్నాళ్లు తాజాగా తినడమే దానికి మర్యాద.

జాడీలోకి వెళ్లేవి

ముందుగా పాత్రల మాట. బేగంబజారులో దొరికే పింగాణీ జాడీలు, వెడల్పు మూతి గాజు సీసాలు రెండూ పనికివస్తాయి. అల్యూమినియం, ఇత్తడి, రాగి, ఇనుము పులుపుతో కలబడతాయి కనుక వాటిలో ఊరబెట్టకూడదు. జాడీని వేడినీళ్లతో కడిగి, బోర్లించి, నీరంతా ఓడిన తరువాత మూతి పైకి తిప్పి ఒక రోజంతా ఎండలో పెట్టాలి. పింగాణీ జాడీకి లోపలి పూత ఎక్కడైనా పగిలి ఉంటే ఆ పగులులో తడి దాగుతుంది. అటువంటి జాడీలో బియ్యం పోసుకోవాలి గాని తొక్కు పెట్టకూడదు. దొడ్డుప్పును కూడా ఒక పూట ఎండలో ఆరబెట్టి, ఆ తరువాత దంచుకోవాలి.

ఉప్పు, పులుపు ఎందుకంత ముఖ్యమో తెలిస్తే కొలతలను ఇష్టం వచ్చినట్టు తగ్గించాలనిపించదు. ఉప్పు కాయ ముక్కలోని నీటిని బయటికి లాగి, ఆ నీటిని సూక్ష్మజీవులకు వాడుకోవడానికి వీలు లేకుండా చేస్తుంది. పులుపు ఇంకొక కాపలా. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ విలువ 4.6 కంటే తక్కువగా ఉన్న చోట బొటులిజం అనే జబ్బు తెచ్చే, ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగలేదు. ఉసిరి, చింతకాయ, పుంటికూర, నిమ్మ అన్నీ ఆ గీతకు చాలా దిగువనే ఉంటాయి. వెల్లుల్లికి పులుపు లేదు. కనుక పుంటికూర తొక్కులో వేసిన వెల్లుల్లితో భయం లేదు గాని, పచ్చి వెల్లుల్లి ముద్దను ఉత్త నూనెలో కలిపి వంటింటి గట్టు మీద వారాల తరబడి ఉంచడం మాత్రం నిజంగా ప్రమాదకరం. నూనె గాలిని అడ్డుకొని పైన బూజు పట్టకుండా చూస్తుంది. గాలి అక్కర్లేని ఈ సూక్ష్మజీవిని మాత్రం అది ఏమీ చేయలేదు.

పుంటికూర తొక్కు. మిద్దె మీద పది మొక్కలుంటే ఒక కోతకు దూసిన ఆకు అరకిలో రావచ్చు, కనుక ఆ కొలతకే చెబుతాను. ఆకును రెండు మూడు నీళ్లలో కడిగి, జల్లెడలో ఓడ్చి, నూలు గుడ్డ మీద పలచగా పరిచి, నీడలో, ఫ్యాను గాలికి రాత్రంతా ఆరనివ్వాలి. ఆకు కాస్త వాడినా ఫరవాలేదు. మరునాడు వెడల్పాటి స్టీలు మూకుడులో 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనె గాని పల్లీ నూనె గాని కాచి, ఆకును కొద్దికొద్దిగా వేస్తూ, మూత పెట్టకుండా వేయించాలి. మూత పెడితే ఆవిరి తిరిగి నీరై ఆకులోకే దిగుతుంది, అప్పుడు మనం రాత్రంతా ఆరబెట్టిన శ్రమ వృథా. ఆకు ముద్దగా మారి, అంచుల వెంట నూనె కక్కేదాకా సన్నని మంట మీద కలుపుతూనే ఉండాలి. ఇందుకు అరగంట పట్టినా తొందరపడకూడదు. గింజ, పీచు తీసిన చింతపండు 50 గ్రాములను నీళ్లు పోయకుండా ఈ వేడి ముద్దలోనే పెట్టి మూసివేస్తే చల్లారేలోపు మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారిన తరువాత 65 గ్రాముల ఉప్పు, 60 గ్రాముల కారం, వేయించి దంచిన మెంతిపొడి ఒక చెంచా, ఆవపిండి రెండు చెంచాలు కలిపి, రోట్లో కచ్చాపచ్చాగా నూరాలి. మరొక 50 మిల్లీలీటర్ల నూనెలో ఎండుమిర్చి, ఆవాలు, పది పదిహేను వెల్లుల్లి రెబ్బలు, ఇంగువతో పోపు పెట్టి, అదీ చల్లారాకే కలపాలి. జాడీలోకి ఎత్తేటప్పుడు మధ్యలో గాలి బుడగలు మిగలకుండా గరిటెతో అణచడం మరవకూడదు.

ఉసిరి. ఇది మిద్దె మీద కాసే చెట్టు కాదు. కార్తీక వనభోజనాల నాటికి కాయలు విరివిగా వస్తాయి. 1999 నుంచి నడుస్తున్న రైతుబజార్లలో ఉదయం వేళ వెళితే మచ్చ లేని కాయ ఏరుకోనిస్తారు. కొనేటప్పుడు పరిమాణం కంటే తొక్క నిగారింపు చూడాలి. గోధుమ మచ్చ ఉన్న కాయ ఒక్కటి జాడీలో పడినా చాలు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇక్కడే: కాయలను కడిగి, గుడ్డతో తుడిచి, తుడిచాను గదా అని వెంటనే కోసి ఉప్పు కలిపాను. తొడిమ ఊడిన గుంటలో నిలిచిన నీటి బొట్లను గుడ్డ అందుకోలేదు. పన్నెండవ నాటికి జాడీ మూతి చుట్టూ తెల్లటి బూజు వలయం కనిపించింది. పైపైన తీసివేసి వాడుకొమ్మని చెప్పేవారు ఉంటారు గాని, బూజు వేళ్లు కంటికి కనిపించినంత మేరకే ఆగవు కనుక మొత్తం పారబోశాను. అప్పటి నుంచి కాయలను గుంట కిందికి వచ్చేటట్టు బోర్లించి ఒక పూట ఆరబెడుతున్నాను.

కిలో కాయకు 150 గ్రాముల ఉప్పు, 125 గ్రాముల కారం, 60 గ్రాముల ఆవపిండి, ఒక పెద్ద చెంచా మెంతిపొడి, అర చెంచా పసుపు, 300 మిల్లీలీటర్ల నువ్వుల నూనె, ఏడెనిమిది నిమ్మకాయల రసం కావాలి. కాయలకు నిలువుగా రెండు మూడు గాట్లు పెట్టాలి. ఇందుకు స్టీలు కత్తే వాడాలి, ఎందుకంటే ఉసిరిలోని వగరు ఇనుముతో కలిస్తే ముక్క నల్లబడుతుంది. సగం నూనెలో కాయలను తొనలు కాస్త విచ్చుకొనే వరకు మగ్గించి, దించి, చల్లార్చాలి. ఆవపిండిని వేడి నూనెలో కలిపితే చేదెక్కుతుంది కనుక, చల్లారిన తరువాతే పొడులన్నీ, ఆ వెనుక నిమ్మరసం, మిగిలిన నూనె కలపాలి. మూడవ నాడు తిరగగలిపి రుచి చూడాలి. అప్పుడు ఉప్పు సరిపోయిందనిపిస్తే నెల తరువాత చాలదనిపిస్తుంది, కనుక నాలుకకు ఒక పిసరు ఎక్కువగా అనిపించేటట్టే ఉంచాలి. నూనె ముక్కల మీద అర అంగుళం నిలవకపోతే ఇంకొంత కాచి చల్లార్చి పోయాలి.

ఉసిరిని తీపిగా దాచుకొనే పద్ధతికి పాతబస్తీలో మురబ్బా అని పేరు. అక్కడి యునానీ మందుల దుకాణాల్లో నేటికీ అమ్ముతారు. కాయలను ఫోర్కుతో గుచ్చి, లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచితే వగరు తగ్గుతుంది. ఉదయం కడిగి, తొనలు విడిపోకుండా ఉడికించి, కిలో కాయకు కిలోంబావు చక్కెర చొప్పున పొరలు పొరలుగా వేసి ఒక రోజు వదిలివేయాలి. కాయలోని నీరు బయటికి ఊరి చక్కెర కరుగుతుంది. తరువాత వరుసగా మూడు రోజులు, రోజుకొకసారి పాకాన్ని మరిగిస్తూ తీగపాకానికి తేవాలి. ఒకే రోజు మరిగించి ముగిస్తే కాయ ముడుచుకుపోతుంది, నీరు బయటికి వచ్చినంత వేగంగా చక్కెర లోపలికి చేరలేదు.

చింతకాయ. నవంబరులో కాయ పొట్టు పచ్చగా ఉండి, లోపలి గింజ ఇంకా గట్టిపడనప్పుడు ఇది పెట్టుకోవాలి. రోజంతా వాహనాల పొగ తగిలే రోడ్డు పక్క చెట్ల కాయను నేను తీసుకోను. కిలో కాయను కడిగి, బాగా ఆరబెట్టి, 200 నుంచి 250 గ్రాముల దొడ్డుప్పు, ఒక పెద్ద చెంచా పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచి జాడీలో అణిచిపెట్టాలి. మూడవ నాటికి గుజ్జు మెత్తబడి పీచు, గింజ తేలికగా విడివడతాయి. వాటిని ఏరివేసి, మరొకసారి నూరి, గట్టిగా అదిమి దాచుకోవాలి. దీనికి నూనె, కారం అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఎప్పటికప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకొని, ఎర్ర మిరపకాయలో పచ్చి మిరపకాయలో కలిపి నూరి, పోపు పెట్టుకోవడమే. మిద్దె మీద కాసిన కొద్దిపాటి పండుమిరపకాయలను ఈ రెండవ నూరుడులో కలిపివేస్తే వాటికీ నిల్వ కుదురుతుంది. నా లెక్కలో ఈ మూడింటిలోనూ కొత్తగా మొదలుపెట్టేవారు ముందు పెట్టవలసినది ఇదే. ఇందులో చెడగొట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ఎండకు పెట్టేవి

హైదరాబాదు మిద్దెల మీద వడియాలకు మొదటి శత్రువు పావురం. వలల కిందనే ఎండబెట్టాలి. వల వడియం మీద పడకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఎత్తుగా కట్టాలి. నవంబరు ఎండ ఏప్రిల్ ఎండంత తీక్షణమైనది కాదు గాని, వానాకాలంలో కంటే గాలిలో తేమ తక్కువ కనుక ఒక రోజు ఎక్కువ పట్టినా పని నెరవేరుతుంది. సాయంత్రం నాలుగున్నరకే లోపలికి తెచ్చుకోవాలి. రాత్రి మంచు పగలు పోయిన తడినంతా తిరిగి ఇచ్చివేస్తుంది.

బూడిద గుమ్మడి వడియాలకు రెండు కిలోల కాయను చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటకట్టి, పైన రోకలి బండనో నీళ్ల బిందెనో బరువుగా పెట్టి రాత్రంతా ఉంచాలి. అరకిలో మినప్పప్పును నానబెట్టి, నీళ్లు దాదాపు పోయకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర నూరి కలిపి, చివరగా పిండిన ముక్కలు వేసి, ఉప్పు సరిచూసి పెట్టుకోవాలి. ముక్కలోని నీరు ఎంత బాగా కారితే వడియం అంత గుల్లగా వస్తుంది. మొదటి రోజు ఒకవైపే ఎండుతుంది, రెండవ రోజు ఊడదీసి తిప్పాలి.

మిగిలిపోయిన కాకర, గోరుచిక్కుడు ఒరుగులు చేసుకోవచ్చు. గోరుచిక్కుడును ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రెండు మూడు నిమిషాలు ఉడికించి తీసి ఎండబెట్టాలి. ఆ కొద్దిపాటి వేడి కాయలోని రంగు మార్చే ఎంజైములను ఆపుతుంది. చల్ల మిరపకాయల పద్ధతి కూడా ఇంచుమించు ఇదే: గాటు పెట్టిన మిరపకాయలు రాత్రి ఉప్పు మజ్జిగలో, పగలు ఎండలో, మూడు నాలుగు రోజులు. ఎండిందో లేదో విరిచి చూడాలి, వంగితే చాలదు, పుటుక్కున విరగాలి. ఎండిన సరుకును వెంటనే డబ్బాలో పెట్టి మరిచిపోకుండా, ముందు గాజు సీసాలో వారం రోజులు ఉంచి, రోజుకొకసారి కదిలించి చూడాలి. లోపలి గోడల మీద ఏమాత్రం ఆవిరి కనిపించినా తిరిగి ఎండకు పోవలసిందే.

అవి ఆరుతున్నంతలో

నిల్వ పనిలో చేతులు కదిలే సమయం కంటే కనిపెట్టుకొని కూర్చునే సమయమే ఎక్కువ. పావురాలను తోలుతూ వలల పక్కన నీడలో కూర్చున్న ఆ గంటల్లో చేయదగిన పనులలో మొదటిది విత్తనం తీయడం.

బీర తీగ మీద ఒక కాయను కోయకుండా వదిలితే ఆకుపచ్చ పోయి, గోధుమ రంగుకు వచ్చి, చేతికి తేలికై, ఊపితే గలగలమంటుంది. అడుగు మూత విరిచి బోర్లిస్తే నల్లని గింజలు వాటంతటవే రాలుతాయి. పైతొక్క ఒలిస్తే లోపలి పీచు గిన్నెలు తోమడానికి మిగులుతుంది. నేతిబీర పీచు ఇంకా మెత్తన, అది ఒళ్లు రుద్దుకోవడానికి. బెండ, చిక్కుడు కాయలు చెట్టు మీదనే ఎండి పగుళ్లు బారాక కోయాలి. టమాటా గింజల చుట్టూ మొలకను ఆపే జిగురు పొర ఉంటుంది కనుక గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి, అడుగుకు దిగిన గింజలను కడిగి, పళ్లెం మీద పరచాలి. కాగితం మీద పరిస్తే అంటుకుంటాయి. అన్నిటినీ నీడలోనే ఆరబెట్టాలి.

సంకర విత్తనం నుంచి పెరిగిన మొక్క గింజను దాచడం వల్ల తల్లి లక్షణాలు రావు. నాటు రకాల నుంచే తీయాలి. పొడుగు ఆనప, గుండ్రని ఆనప ఒకే జాతి కనుక పక్క భవనం మిద్దె మీది పువ్వు నుంచి తేనెటీగ తెచ్చిన పుప్పొడితో కూడా కలిసిపోతాయి. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడి సంఘాల ఆడవారు తమ నాటు జొన్నలు, సామలు, కందుల విత్తనాలను ఇళ్లలోనే కాపాడుకుంటూ వస్తున్నారు. జల్లించిన కట్టెల బూడిద, ఎండిన వేపాకు మన పల్లెల్లో తరతరాలుగా ఇంటి విత్తనానికి కాపలా, అవి నగరంలో కూడా పనిచేస్తాయి. బూడిద మిగిలిన చెమ్మను పీలుస్తుంది, వేపాకు పురుగును దూరం పెడుతుంది. విత్తే ముందు పది గింజలను తడి గుడ్డలో చుట్టి చూస్తే, ఏడు మొలిస్తే ఆ విత్తనం పనికివచ్చేదే.

రెండవ పని రంగు వేయడం. దసరాకు గుమ్మానికి కట్టిన బంతి తోరణం, బతుకమ్మ పేర్చగా మిగిలిన బంతిపూలు పారవేయకుండా రేకులు తుంచి నీడలో ఎండబెట్టుకోవాలి. 100 గ్రాముల బరువున్న తెల్లని నూలు గుడ్డకు 100 గ్రాముల ఎండు రేకులు చాలు. నూలుకు రంగు నేరుగా పట్టదు, దానికి ముందు వగరు, ఆ తరువాత పటిక కావాలి. కలంకారీవారు గుడ్డను కరక్కాయలో ముంచేది ఇందుకే. గుడ్డను సబ్బు వేసిన వేడినీళ్లతో ఉతికి గంజి పోగొట్టి, 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, నీడలో ఆరబెట్టాలి. మరునాడు 15 గ్రాముల పటిక కరిగించిన వేడినీళ్లలో చల్లారేదాకా ఉంచి పిండాలి. రేకులను ముప్పావు గంట మరిగించి వడకట్టిన నీళ్లలో ఆ గుడ్డను సన్నని సెగ మీద మరొక ముప్పావు గంట తిప్పుతూ ఉంచి, అందులోనే రాత్రంతా వదిలివేస్తే పండిన బంతి రంగుకు కాస్త దగ్గరగా, ముదురు పసుపు వస్తుంది. ఇనుప మేకు ముక్క ఒక్కటి పడినా రంగు నల్లబూడిదకు తిరుగుతుంది. ఉసిరిని నల్లబరచిన వగరూ ఇనుమూ ఇక్కడా అదే పని చేస్తాయి. రంగుకు వాడిన గిన్నెను తిరిగి వంటకు వాడకూడదు.

ఈ గుడ్డతో నేను చేసేది జాడీలకు వాసెనలు. జాడీ మూత అడ్డుకొలత కంటే ఆరంగుళాలు ఎక్కువగా గుండ్రంగా కత్తిరించి, అంచు కుట్టి, మూత మీదుగా కప్పి నూలు తాడుతో బిగించి కడతాను. గుడ్డ లోపలి సరుకును తాకకూడదు, మూత పైనే ఉండాలి. తాడుకు ఒక చీటీ: ఏమిటి, ఎన్నడు పెట్టినది, ఎంత ఉప్పు, కాయ ఎక్కడిది. ఈ చివరి రెండూ రాయని ఏడాది, బాగా కుదిరిన ఉసిరిని తిరిగి అదేవిధంగా పెట్టడానికి నాకు ఆధారమే లేకపోయింది. ఇదే వివరాన్ని తోట పుస్తకంలో కూడా రాసుకోవాలి. పుంటికూర ఏ తేదీన మొగ్గ తొడిగిందో, చివరి వాన ఏనాడు పడిందో, తువాలు మధ్యాహ్నానికి ఆరిన మొదటి రోజు ఏదో, రోజుకు ఒక్క వాక్యం చాలు.

పెద్ద జాడీని రోజూ తెరవకూడదు. పది పదిహేను రోజులకు సరిపడా పొడి గరిటెతో చిన్న సీసాలోకి తీసుకొని, పైన నూనె సర్ది, మూతి అంచును పొడి గుడ్డతో తుడిచి, వాసెనను మళ్లీ బిగించి, ఎండ పడని, పొయ్యి వేడి తగలని అరలోకి చేర్చాలి.